స్మృతి, సిమరన్, జిక్ర్: ధ్యానం మీద అపోహలు - వాస్తవాలు

అపోహ: ఆలోచనలు ఆగిపోతేనే ధ్యానం కుదిరినట్టు.

వాస్తవం: ఈ భయానికి మూలం పతంజలి యోగసూత్రాల్లో రెండోది, 'యోగశ్చిత్తవృత్తినిరోధః', అంటే మనసులోని కదలికలు ఆగడమే యోగం. అది యోగమంటే ఏమిటో చెప్పిన మాటే గానీ, నిన్న కూర్చోవడం మొదలుపెట్టినవాళ్ళకు పెట్టిన పరీక్ష కాదు. మనసును ఒకచోట కట్టి ఉంచడం ధారణ అనీ, ఆ ఎరుక తెగకుండా సాగితే ధ్యానమనీ మూడో పాదంలో ఆయనే విడమరిచాడు. ఆ లెక్కన మనలో చాలామంది పొద్దున్నే చేసేది ధారణే. మనసు జారిపోతుంది, తెచ్చుకుంటాం, మళ్ళీ జారుతుంది. పనంతా ఆ తెచ్చుకోవడంలోనే ఉంది.

మాటల పుట్టుక చూసినా ఇదే తేలుతుంది. బౌద్ధుల పాళీ మాట 'సతి' మన 'స్మృతి'. సిక్కుల 'సిమరన్' మన 'స్మరణ'. సూఫీల 'జిక్ర్'కు అరబ్బీలో అర్థం గుర్తు చేసుకోవడం. మరుపు లేనివాడికి వీటిలో ఏదీ అక్కర్లేదు!

అపోహ: అయితే అన్ని మతాల ధ్యానమూ ఒకటే.

వాస్తవం: గుర్తు చేసుకునేది వేరు, పద్ధతీ వేరు. హైదరాబాద్ సాగర్ రోడ్డులోని ధమ్మఖేత్త విపశ్యన (బౌద్ధ ధ్యాన పద్ధతి) కేంద్రంలో పది రోజుల శిబిరానికి వెళ్తే, మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర సహజంగా ఆడే శ్వాసను గమనించడమే పని. నాలుగో రోజు గానీ విపశ్యన, అంటే ఒంట్లోని అనుభూతులను గమనించడం, మొదలవదు. మంత్రం, దేవతారూపం ఏవీ జోడించనివ్వరు. సిమరన్‌కు మాత్రం దేవుడి నామమే ప్రాణం. ముస్లింలు నమాజు తర్వాత తస్బీహ్ (జపమాల) మీద సుభానల్లాహ్ 33, అల్‌హమ్దులిల్లాహ్ 33, అల్లాహు అక్బర్ 34 సార్లు లెక్కిస్తారు. సూఫీల్లో నఖ్ష్‌బందీలది ఎక్కువగా మౌన జిక్ర్. నాంపల్లి యూసుఫైన్ దర్గా ఏ పరంపరకు చెందిందో ఆ చిష్తీల్లో గొంతెత్తి చేసే జిక్ర్‌కూ చోటుంది. కథోలికుల జపమాలలో నోరు ప్రార్థన పలుకుతుంటే, మనసు క్రీస్తు, మరియమ్మల జీవిత ఘట్టం మీద నిలవాలి. జైనులు సమభావంతో కూర్చునే సాధన సామాయికానికి 48 నిమిషాలు, అంటే సరిగ్గా రెండు ఘడియలు.

అపోహ: రెండు మూడు పద్ధతులు కలిపితే ఫలితం తొందరగా వస్తుంది.

వాస్తవం: శ్వాసను చూస్తూ లోపల మంత్రం అనుకోండి. కాసేపటికే శ్వాస మంత్రం లయకు లొంగుతుంది. సహజమైన శ్వాసను చూడాలన్న పద్ధతి అక్కడితో చెడిపోతుంది, జపమూ సగంలో ఉంటుంది. జపం చేసే రోజు జపమే చేయండి.

అపోహ: పద్మాసనం తప్పనిసరి.

వాస్తవం: పతంజలి అడిగింది స్థిరంగా, సుఖంగా ఉండమనే. కింద కూర్చుంటే పిరుదుల కింద మడత దుప్పటి మూడు నాలుగు అంగుళాల ఎత్తున పెట్టుకోండి. మోకాళ్ళు తుంటి కన్నా కిందికి దిగితే నడుము వంగిపోదు. కాలు తిమ్మిరెక్కేది నరం నొక్కుకుపోయి, కాబట్టి పట్టుదలకు పోకుండా కదపండి. కుర్చీ అయితే పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. తిన్న వెంటనే కూర్చుంటే వచ్చేది కునుకే, రెండు గంటలు ఆగండి.

అపోహ: వేళ్ళు జివ్వుమంటే, తల తిరిగితే కుండలిని లేచినట్టే.

వాస్తవం: చాలాసార్లు అది శ్వాస ఎక్కువగా లాగడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గడమే. 'గమనించండి' అనగానే తెలియకుండానే లోతుగా పీల్చడం మొదలుపెడతారు. కళ్ళు తెరిచి, శ్వాసను దాని మానాన వదిలేస్తే సర్దుకుంటుంది. ధ్యానంలో లేని వేళల్లోనూ వస్తుంటే డాక్టర్‌కు చూపించుకోవాలి.

అపోహ: ధ్యానం ఎవరికైనా, ఎంతసేపైనా మంచిదే.

వాస్తవం: రోజూ పావుగంట వేరు, రోజుకు పది గంటల మౌన శిబిరం వేరు. బైపోలార్, సైకోసిస్ లాంటి మానసిక జబ్బులు ఉన్నవాళ్ళకు పెద్ద శిబిరాలు వికటించవచ్చు. ముందు సైకియాట్రిస్ట్‌ను అడగాలి, మాత్రలు సొంతంగా ఆపకూడదు. శిబిరం దరఖాస్తులో మానసిక అనారోగ్యం గురించి అడిగే గడి ఉంటుంది. సీటు రాదేమోనని దాన్ని ఖాళీగా వదిలేయకండి.