బురదను విడిచే టైరు, మంచును పట్టుకునే టైరు

భీమవరం నుంచి ఒక పాఠకుడు ప్రశ్న పంపారు. కెనడాలోని కాల్గరీలో ఉంటున్న ఆయన కుమారుడు పికప్ ట్రక్కు కొన్నాడు, దానికి ఎత్తైన దిమ్మలున్న ఆల్ టెర్రెయిన్ టైర్లు, అంటే ఎలాంటి నేల మీదైనా నడిచేలా చేసినవి, ఉన్నాయి. వానల్లో చెరువు గట్ల మీద రొయ్యల మేత మోసే బండికి అలాంటి టైర్లు దొరికితే మనం అదృష్టమనుకుంటాం కదా, మరి చలికాలానికి ఇంకో సెట్టు కొనడం దండగ కాదా అని ఆయన సందేహం. బురదలో ఆ టైర్లను గెలిపించే గుణమే గట్టిపడిన మంచు మీద వాటికి అడ్డు కావడం ఇందులో నాకు అన్నిటికన్నా ఆసక్తికరంగా తోచే సంగతి.

దమ్ము చేస్తున్న ట్రాక్టరు వెనుక చక్రాన్ని కాసేపు గమనించండి. దిమ్మలు రేగడిలోకి దిగుతాయి, వాటి మధ్య సందుల్లోకి బురద ఎక్కుతుంది, చక్రం పైకి తిరిగేసరికి ఆ ముద్దలు ఊడి వెనక్కి ఎగిరిపడతాయి. అవి ఊడకపోతే సందులన్నీ పూడిపోయి టైరు నున్నని పీపాలా మారుతుంది, ఎంత తిప్పినా ఉన్నచోటే తిరుగుతుంది. నీటితో నానిన రేగడికి తనంతట తనకు బలం లేదు కనుక, దిమ్మ దాన్ని చీల్చుకుని అడుగునున్న గట్టి పొరను అందుకోవాలి. అందుకే ఇటువంటి టైర్లకు సందులు వెడల్పుగా ఉంటాయి.

మంచు సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. మంచు రేణువులను గట్టిగా నొక్కితే అవి తాకిన చోటల్లా ఒకదానికొకటి అతుక్కుంటాయి. చక్రం కింద నలిగిన మంచు గాడుల్లో గట్టి దిమ్మగా మారి, రోడ్డు మీది మంచుతో కలిసిపోతుంది. బండి జారాలంటే ఆ అతుకు తెగాలి. మంచు మీద రబ్బరు జారడం కన్నా మంచు నుంచి మంచును కోయడం కష్టం. అంటే ఇక్కడ టైరుకు పట్టు ఇచ్చేది గాడిలో ఇరుక్కున్న మంచే, దాన్ని విదిలించుకునే టైరు తన పట్టును తానే పారేసుకుంటున్నట్టు. శీతాకాలపు టైరుకు అందుకే ఇరుకు గాడులు, ప్రతి దిమ్మ మీదా సైపులనే సన్నని చీలికలు ఉంటాయి. అయితే కొత్తగా కురిసిన లోతైన మంచులో తవ్వుకుంటూ పోవలసి వస్తే ఆల్ టెర్రెయిన్ టైరు బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడి పని బురదలో పనికి దగ్గరగా ఉంటుంది. వాహనాలు తొక్కి తొక్కి గట్టిపరిచిన మంచు మీదే అది వెనుకబడుతుంది.

ఇక ఐసు. భీమవరం ఐసు ఫ్యాక్టరీలో అప్పుడే డబ్బాలోంచి తీసిన దిమ్మకు తడి వేలు అతుక్కుంటుంది. అదే దిమ్మ కాసేపు బయట ఉండి పైన నీరు చెమర్చగానే చిన్న తోపుకే జారిపోతుంది. రోడ్డు మీద కూడా మైనస్ 20 డిగ్రీల ఐసు కన్నా సున్నా దగ్గరి ఐసే ఎక్కువ ప్రమాదకరం. పైనున్న ఆ పలుచని నీటిపొరను తుడిచి, తమ అంచులతో ఐసును గీకడం సైపుల పని. కానీ రబ్బరు మెత్తగా ఉంటేనే ఆ అంచులు వంగి పనిచేస్తాయి. ఘర్షణకు వైశాల్యంతో సంబంధం లేదని బడిలో బట్టీ పట్టిస్తాం. రబ్బరు విషయంలో అది చెల్లదని చెప్పే ఉపాధ్యాయులు అరుదు. మెత్తని రబ్బరు రోడ్డు గరుకులోకి దిగి తాకే చోటును పెంచుకుంటుంది, ఘర్షణా పెరుగుతుంది.

చల్లబడేకొద్దీ రబ్బరు అణుగొలుసుల కదలిక మందగించి, చివరకు గాజులా పెళుసెక్కుతుంది. ఆ హద్దు పాలీబ్యూటడీన్ అనే కృత్రిమ రబ్బరుకు దాదాపు మైనస్ 100, సహజ రబ్బరుకు దాదాపు మైనస్ 70 డిగ్రీలు. స్టైరీన్ అనే రసాయనం కలిసిన కృత్రిమ రబ్బరులో స్టైరీన్ పాలు పెరిగేకొద్దీ హద్దు పైకి జరుగుతుంది. అంత చలి ఎక్కడుందని అడగవచ్చు. జారుతున్న టైరు పైపొర సెకనుకు వేలసార్లు నలుగుతుంది. అంత వేగంలో గొలుసులకు సర్దుకునే వ్యవధి ఉండదు కనుక, రబ్బరు తన అసలు ఉష్ణోగ్రత కన్నా ఎంతో చల్లగా ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. రాళ్లకు చిట్లకుండా గట్టిగా తయారుచేసిన చాలా ఆల్ టెర్రెయిన్ టైర్లకు ఇది త్వరగా ఎదురవుతుంది. శీతాకాలపు టైర్లకు మారడానికి టైరు కంపెనీలు 7 డిగ్రీలను హద్దుగా చెబుతాయి. సంక్రాంతి తెల్లవారుజామున కూడా మన డెల్టాలో అంత చలి ఉండదు.

టైరు పక్కన ఉండే గుర్తులు చూడాలి. ‘ఎం ప్లస్ ఎస్’ (మడ్, స్నో; అంటే బురద, మంచు) అన్నది గాడుల ఆకృతిని బట్టి వేసేది, దానికి మంచు మీద పరీక్ష అక్కరలేదు. మూడు శిఖరాల కొండలో మంచు రేకు ఉన్న గుర్తు కావాలంటే గట్టిపడిన మంచు మీద పరీక్ష నెగ్గాలి, అయితే ఉత్తర అమెరికాలో ఆ పరీక్ష కొలిచేది బండిని ముందుకు లాగే పట్టునే. బ్రేకు పట్టునూ, ఐసునూ కాదు. నాలుగు చక్రాల డ్రైవు కూడా బండిని కదిలించడంలోనే సాయపడుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేస్తే పొడి తారు రోడ్డు మీద సుమారు 12 మీటర్లలో ఆగే బండి, ఘర్షణ గుణకం 0.1 ఉన్న తడి ఐసు మీద సుమారు 98 మీటర్లు పోతుంది.

గాలి సంగతీ చెప్పాలి. 20 డిగ్రీల గదిలో 35 పౌండ్లు పట్టించిన టైరు మైనస్ 20లో సుమారు 28కి దిగుతుంది. కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించే శ్రద్ధలో సగం గాలి గేజీ మీద పెట్టినా మేలే.

కాల్గరీ ఉన్న అల్బర్టాలో శీతాకాలపు టైర్లు తప్పనిసరి కాదు. పక్కనున్న బ్రిటిష్ కొలంబియా కొండ రోడ్ల మీద మాత్రం అక్టోబరు 1 నుంచి పై రెండు గుర్తుల్లో ఏదో ఒకటీ, కనీసం 3.5 మిల్లీమీటర్ల గాడి లోతూ ఉండాలి. ఆ అబ్బాయి చలికాలంలో రోజూ ఐసు పట్టిన రోడ్ల మీద తిరగవలసి వస్తే రెండో సెట్టు కొనడమే సరైనది. మెత్తని రబ్బరు వేసవిలో త్వరగా అరుగుతుంది కనుక వసంతంలో దాన్ని విప్పి పాతవి బిగించుకోవాలి; ఒకటి తిరుగుతున్నప్పుడు రెండోది అరగదు కాబట్టి, పెట్టిన డబ్బులో కొంత మన్నిక రూపంలో తిరిగి వస్తుంది.