లాక్ చేసినా పేజీ కదులుతుంది

“ఎమ్‌లాక్ చేసినా కద సార్, మళ్లీ ఎందుకు తడబడతాంది?” అని అడిగాడు అనంతపురంలో ఇంజినీరింగ్ చదివే కుర్రాడు. రెండు ప్రాసెసర్ల సర్వర్‌లో కెమెరా ఫ్రేములు అందుకునే ప్రోగ్రామ్ అతనిది. ఎమ్‌లాక్ అనే కాల్‌తో మెమరీ లాక్ చేశాడు, మెమరీని డిస్కుకు పంపే స్వాప్ తీసేశాడు. అయినా ఉన్నట్టుండి ఒక ఫ్రేమ్ లేటు.

ఎమ్‌లాక్ ఇచ్చే హామీ ఒక్కటే: పేజీ, అంటే మెమరీలో ఒక చిన్న ముక్క, ర్యామ్ వదిలి డిస్కుకు పోదు. ర్యామ్‌లో ఏ మూల ఉండాలో అది చెప్పదు.

శనక్కాయల గోడౌన్‌లో హమాలీలు మూటలు అటూ ఇటూ జరుపుతుంటారు, గుమాస్తా పుస్తకంలో దిద్దుకుంటాడు. ఆయన్ని అడిగి లోపలికి పోయేవాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. వరస నంబరు చీటీ మీద రాయించుకుని నేరుగా పోయే లారీ డ్రైవర్‌కే చిక్కు. ప్రోగ్రామ్ ప్రతిసారీ పేజీ టేబుల్ అనే పుస్తకం చూసే పోతుంది. కెమెరా కార్డు మాత్రం చీటీ పట్టుకున్న లారీ డ్రైవరే.

అందుకే కార్డుల్లాంటి పరికరాలను నడిపే డివైస్ డ్రైవర్ ప్రోగ్రాములు పేజీని పిన్ చేస్తాయి, అంటే ఉన్నచోటే కదలకుండా బిగిస్తాయి. లినక్స్ 5.6 నుంచి, అంటే 2020 నుంచి, దీనికి వేరే ఏర్పాటు ఉంది. మామూలు 4 కేబీ పేజీని పిన్ చేస్తే దాని రెఫరెన్స్ లెక్క, అంటే దాన్ని ఎందరు పట్టుకున్నారన్న అంకె, ఒకటి కాదు, ఏకంగా 1024 పెరుగుతుంది. లెక్క కుదరని పేజీని తరలించకుండా లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్ వదిలేస్తుంది.

కుర్రాడి బఫర్లలో, అంటే ఫ్రేములు పెట్టుకునే మెమరీ భాగాల్లో, కార్డువి పిన్ అయ్యే ఉన్నాయి. ఫ్రేమును కాపీ చేసి పెట్టుకునేవే ఒట్టి లాక్ మీద ఉన్నాయి. వాటిని కదిపేది 2013లో లినక్స్ 3.8తో వచ్చిన న్యూమా బ్యాలెన్సింగ్. ఇలాంటి సర్వర్‌లో ఒక్కో ప్రాసెసర్‌కు దగ్గరి ర్యామ్ వేరే ఉంటుంది, ఆ అమరికే న్యూమా. ఏ ప్రాసెసర్ ఏ పేజీని వాడుతోందో తెలుసుకోవడానికి కెర్నెల్ అప్పుడప్పుడు కొన్ని పేజీలకు అనుమతి తీసేస్తుంది. ప్రోగ్రామ్ ముట్టుకోగానే ఫాల్ట్ వస్తుంది, అంటే పని ఆగి కబురు కెర్నెల్‌కు పోతుంది, కెర్నెల్ చూసుకుంటుంది, అవసరమైతే పేజీని దగ్గరి ర్యామ్‌కు మారుస్తుంది. మార్చకపోయినా ఆ ఫాల్ట్‌కు పట్టే సమయం పోయినట్టే. నిజంగా ఇదేనా అన్న అనుమానముంటే కెర్నెల్ మెమరీ లెక్కలు చూపే వీఎమ్‌స్టాట్ ఫైల్‌లో న్యూమా హింట్ ఫాల్ట్‌ల (ఇలాంటి ఫాల్ట్‌ల) అంకె చూడాలి. ప్రోగ్రామ్ నడుస్తుండగా అది ఎగబాకుతుంటే దొంగ దొరికినట్టే.

సిస్టమ్ మొత్తానికీ బ్యాలెన్సింగ్ ఆపేయొచ్చు, కానీ మిగతా ప్రోగ్రాములకు అది మేలే చేస్తుండొచ్చు. మెమరీని ఒకే నోడ్‌కు, అంటే ఒక ప్రాసెసర్ దగ్గరి ర్యామ్‌కు, బైండ్ చేయడం నాకు నచ్చే దారి. అలా కట్టేసిన భాగాన్ని బ్యాలెన్సింగ్ స్కాన్ ముట్టుకోదు. అప్పటికీ కంపాక్షన్ మిగులుతుంది: పెద్ద ఖాళీ కోసం చిన్న పేజీలను పక్కకు నెట్టే పని. లాక్ చేసిన పేజీలను అది కదపకుండా ఒక సెట్టింగ్ ఉంది. రియల్‌టైమ్ కెర్నెల్‌లో అది ముందే పెట్టి ఉంటుంది, మామూలు దాంట్లో మనమే మార్చుకోవాలి.

పోనీ అన్నీ పిన్ చేసేద్దామంటే కుదరదు. 2 ఎంబీ హ్యూజ్ పేజీకి 512 చిన్న పేజీల చోటు వరసగా కావాలి. అందులో ఒక్కటి పిన్ అయి కూర్చున్నా మిగతా 511 ఖాళీగా ఉండీ ఆ పనికి రావు.