సైరంధ్రికి వెళ్లబోయే పిల్లలకు

పద్మారావునగర్,
హైదరాబాద్.

పిల్లలూ,

మొన్న ఆదివారం మేడ మీద ఎండలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే మీరు నలుగురూ వచ్చి చుట్టూ మూగారు. "అమ్మమ్మా, సంక్రాంతి సెలవుల్లో మేం కేరళలో సైలెంట్ వ్యాలీకి వెళ్తున్నాం. మీరు వెళ్లొచ్చారటగా, పులి కనిపించిందా?" అని అడిగారు. లేదన్నాను. ఏనుగు? లేదన్నాను. మీ మొహాలు వాడిపోయాయి. చిన్నాడైతే "మరి అంత దూరం ఎందుకెళ్లారు?" అనేశాడు. అప్పుడు జవాబు తట్టలేదు. ముప్పై ఏళ్లు పోస్టాఫీసులో పనిచేసినదాన్ని, నోటితో చెప్పడం కంటే కాగితం మీద పెట్టడమే నాకు అలవాటు. అందుకే ఈ ఉత్తరం తలుపు కింద నుంచి తోస్తున్నాను. బిళ్ల అంటించలేదు, జరిమానా వేయకండి.

మీకు తెలిసిన అడవి వేరు, అది వేరు. శ్రీశైలం వెళ్లేటప్పుడు మన్ననూరు దాటాక బస్సు కిటికీలోంచి నల్లమల చూస్తారు కదా. టేకు, నల్లమద్ది, తునికి, చిరుమాను. ఎండలు ముదిరేసరికి చాలా చెట్లు ఆకులు రాల్చేసి మోడుల్లా నిలబడతాయి. నీళ్లు లేనప్పుడు ఖర్చు తగ్గించుకోవడం అన్నమాట. మన కెబిఆర్ పార్కులో కూడా వేసవిలో నడిస్తే కాళ్ల కింద ఎండుటాకులు కరకరలాడతాయి. హైదరాబాద్‌లో ఏడాది మొత్తం పడే వాన 800 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. సైలెంట్ వ్యాలీలో దానికి మూడు రెట్ల పైనే పడుతుంది. అరేబియా సముద్రం మీంచి వచ్చే నైరుతి మేఘాలకు పశ్చిమ కనుమలు అడ్డంగా నిలబడతాయి. మేఘాలు ఆ కొండలెక్కుతూ చల్లబడి, మోసుకొచ్చిందంతా అక్కడే కుమ్మరించేస్తాయి. ఇవతలికి వచ్చేసరికి మనకు మిగిలేది తక్కువ. అంత నీరున్న చోట చెట్లన్నీ ఒకేసారి ఆకులు రాల్చుకోవాల్సిన అవసరం రాదు. రాలేవి రాలుతుంటాయి, చిగుర్చేవి చిగురుస్తుంటాయి, అడవి మాత్రం ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది. మీ పుస్తకంలో సతతహరితారణ్యం అని రాసి ఉంటుంది, ఒక మార్కు ప్రశ్న.

ప్రయాణం గురించి ఎక్కువ చెప్పను, ఆ సంగతి మీ నాన్నలు చూసుకుంటారు. శబరి ఎక్స్‌ప్రెస్‌లో పాలక్కాడ్ దాకా, అక్కణ్నుంచి మన్నార్కాడ్ మీదుగా ముక్కాలి అనే చిన్న ఊరికి. అక్కడ అటవీ శాఖ ఆఫీసు ఉంటుంది. మన సొంత బండి అక్కడే ఆపేయాలి. లోపలికి వాళ్ల జీపుల్లోనే, వాళ్లిచ్చే గైడుతోనే వెళ్లాలి. సైరంధ్రి అనే చోటుదాకా 23 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. పొద్దున్నే బయల్దేరితే భోజనాల వేళ దాటాక తిరిగొస్తారు. మా తమ్ముడు "సెలవుల్లో కూడా పరుగులేమిటక్కా" అంటూ పుట్టు (ఆవిరి మీద ఉడికించే బియ్యప్పిండి వంటకం), కడలకూర (శనగల కూర) నింపాదిగా రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. మేం ముక్కాలి చేరేసరికి ఆ రోజుకి జీపులన్నీ నిండిపోయాయి. ఆ రాత్రి అక్కడే ఉండి మర్నాడు వెళ్లాం. మీరు మాత్రం టిఫిన్ పొట్లం కట్టించుకుని ముందు క్యూలో నిలబడండి.

ఇప్పుడు అసలు సంగతి. మొదటి అరగంట మీకు విసుగే. ఇది ముందే చెబుతున్నాను, ఎందుకంటే నాకూ విసుగే పుట్టింది. పచ్చటి గోడ, దాని వెనకాల ఇంకో పచ్చటి గోడ. ఎక్కడా ఏదీ కదలదు. మా జీపులో వెనక కూర్చున్న ఒక కుటుంబం అప్పటికే ఫోన్లు తీసేసింది, సిగ్నల్ లేదని తెలిశాక ఒకళ్ల మీద ఒకళ్లు విసుక్కున్నారు కూడా. మా గైడు అట్టప్పాడి కొండల్లో పుట్టి పెరిగిన ఇరుళ కుర్రాడు. ఆ కొండల్లో ఇరుళ, ముడుగ, కురుంబ తెగలవాళ్లు తరతరాలుగా ఉంటున్నారు. వాడికి తెలుగు రాదు, నాకు మలయాళం రాదు. మా తమ్ముడు చెన్నైలో ఉద్యోగం చేసినప్పుడు నేర్చుకున్న అరకొర తమిళమే మా ఇద్దరి మధ్య వంతెన. ఆ అబ్బాయి జీపు ఆపించి, ఇంజన్ కట్టేయించి, చెవి చూపించాడు. వినమని.

ఒక నిమిషం ఏమీ లేదు. తర్వాత పైన ఎక్కడో హుష్, హుష్, హుష్ అని పాత ఆవిరి ఇంజన్ పోతున్నట్టు చప్పుడు. పెద్ద హార్న్‌బిల్ రెక్కల మోత అది. కేరళ రాష్ట్ర పక్షి. నేను విన్నానంతే, చూడలేదు, ఆకులు అడ్డం. ఆ పక్షుల్లో ఆడది గుడ్లు పెట్టే ముందు చెట్టు తొర్రలోకి దూరి, ఆ తొర్ర మూతిని సన్నని చీలిక మాత్రం వదిలి మూసేసుకుంటుందట. మగది వారాల తరబడి ఆ చీలికలోంచి పండ్లు అందిస్తూ ఉంటుంది. మా తమ్ముడి భార్య అది విని వాడి వంక ఒక చూపు చూసింది. తర్వాత లోయలోంచి ఈల వినిపించింది. బడి ఎగ్గొట్టిన కుర్రాడు ఏ రాగమూ కుదరక ఏదో ఊదుతున్నట్టు ఉంది. మలబార్ విజిలింగ్ థ్రష్ అనే నల్లనీలం పిట్టట. కీచురాళ్ల రొద లేదని బ్రిటిష్ వాళ్లు ఈ లోయకి సైలెంట్ వ్యాలీ అని పేరు పెట్టారంటారు. కాదు, సైరంధ్రి అనే పేరే వాళ్ల నోట్లో పడి అలా మారిందని ఇంకొందరంటారు. నిశ్శబ్దం మాత్రం నాకెక్కడా దొరకలేదు.

అక్కణ్నుంచి మొదలైంది నాకు చూడటం. కళ్లు నావే, చూపు ఆ అబ్బాయిది.

అడవి లోపల పట్టపగలే సందెవేళలా ఉంటుంది. పైన కొమ్మలన్నీ కలిసిపోయి పందిరి వేసేస్తాయి. రూపాయి ఎండ పడితే నేలకి చేరేది ఒకటో రెండో పైసలు. అందుకే నేల మీద మీరనుకున్నంత గుబురు ఉండదు, తుప్పలు పెరగడానికి వెలుగేదీ? ఒక ముసలి చెట్టు కూలినప్పుడు పందిరికి చిల్లు పడుతుంది. ఏళ్ల తరబడి జానెడు ఎత్తులోనే ఎదురుచూస్తున్న మొక్కలన్నీ అప్పుడు ఒకేసారి పైకి పరుగు తీస్తాయి. మీ అపార్ట్‌మెంటు లిఫ్ట్ తలుపు తెరుచుకున్నప్పుడు మీరు దూసుకుపోతారే, అలా.

రావి ఆకు చివర సన్నటి తోక ఉంటుంది, చూశారు కదా. అక్కడ రావి కాని చెట్లకి కూడా చాలావాటికి అలాంటి తోకే ఉంది. ఎందుకని అడిగాను. గైడు తన వాటర్ బాటిల్లోంచి ఒక ఆకు మీద నీళ్లు పోసి చూపించాడు. నీరు ఆ కొస నుంచి చుక్క చుక్కగా జారిపోయి ఆకు ఇట్టే ఆరిపోయింది. నెలల తరబడి వాన కురిసే చోట ఆకు మీద తడి నిలిస్తే నాచు పడుతుంది, బూజు పడుతుంది. మన గుడి ముందు రావిచెట్టుకి ఆ తోక ఎందుకుందో అరవై ఎనిమిదేళ్లొచ్చాక కేరళలో తెలిసింది నాకు.

పెద్ద చెట్ల మొదళ్లు మీకన్నా ఎత్తుగా గోడల్లా లేచి ఉంటాయి. అవి వేర్లే. అక్కడి మట్టి సారవంతం అనుకుంటాం కానీ అదంతా పైపైనే, గుప్పెడు మందాన. ఆకు రాలిందో లేదో పుట్టగొడుగులు, చెదలు, పురుగులు దాన్ని పిండి చేసేస్తాయి, వేర్లు వెంటనే పీల్చేసుకుంటాయి. బ్యాంకులో దాచుకునే అలవాటు లేదు ఆ అడవికి, వచ్చింది వచ్చినట్టే వాడేస్తుంది. ఆ పైపొరలోనే వేర్లు పరుచుకుంటాయి కాబట్టి, అంత ఎత్తు చెట్టు పడకుండా ఆ గోడలు కావాలి. చెట్లు కొట్టేస్తే ఆ గుప్పెడు మట్టీ ఒకటి రెండు వానలకే కొట్టుకుపోతుంది.

పాతబస్తీ గోడల్లోంచి రావిమొక్క పుట్టి ఇటుకల్ని చీల్చడం మీరు చూసే ఉంటారు. పిట్ట వేసిన గింజ పని అది. అక్కడ మర్రి జాతి చెట్లు అదే పని ఇంకో చెట్టు మీద చేస్తాయి. కొమ్మ మీద మొలిచి, కిందికి వేర్లు దించి, చుట్టూ జల్లెడలా అల్లుకుపోతాయి. లోపలి చెట్టు చచ్చి పుచ్చిపోయాక బోలు స్తంభం మిగులుతుంది. మేం అందులో తలపెట్టి పైకి చూశాం. పైన గుండ్రంగా చిన్న ఆకాశం.

ఇక కోతి. సింహపు తోక కోతి, వాళ్లు సింహవాలన్ కురంగు అంటారు. నల్లటి ఒళ్లు, మొహం చుట్టూ బూడిద రంగు జూలు, తోక చివర కుచ్చు. పశ్చిమ కనుమల అడవుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సొంతంగా బతకదు. మాకు దూరం నుంచి ఒక గుంపు కనిపించింది, రెండు నిమిషాలు, అంతే. ఇవి మన మేడల మీద అరిసెల డబ్బా ఎత్తుకుపోయే కోతుల్లాంటివి కావు. ఎక్కువగా చెట్ల పైనే ఉంటాయి, నేలకి దిగడం తక్కువ. వాటికి ఇష్టమైన చెట్టు ఒకటుంది, వెడిప్లావు. ప్లావు అంటే మలయాళంలో పనసచెట్టు. కాయలు ముళ్లముళ్లుగా చిన్న పనసకాయల్లా ఉంటాయి, చుట్టరికం మాత్రం పనసతో కాదు, డ్యూరియన్‌తో. పువ్వులు కొమ్మకే నేరుగా అంటుకుని గుత్తులుగా పూస్తాయి. కోతులు ఆ పువ్వులూ తింటాయి, గింజలూ తింటాయి. వెడిప్లావు ఉన్నచోట కోతి ఉంటుంది, ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

జలగల గురించి మీ అమ్మలకి టెన్షన్ ఉందని తెలుసు. జనవరిలో వానలు తగ్గుతాయి కాబట్టి అవీ తక్కువే. మేం నవంబర్లో వెళ్లాం, ఆకుల కింద నుంచి లేచి నిలబడి మరీ తలలు ఊపాయి. జలగ కరిచినట్టు తెలియదు. దాని లాలాజలంలో మత్తూ ఉంటుంది, రక్తం గడ్డకట్టనివ్వని మందూ ఉంటుంది. అందుకే అది ఊడిపోయాక కూడా కాసేపు కారుతూనే ఉంటుంది, భయపడక్కర్లేదు. గట్టిగా పట్టి లాగకండి, గోరుతో పక్కకి నెట్టితే వదిలేస్తుంది. మోకాళ్ల దాకా వచ్చే గుడ్డ మేజోళ్లు అక్కడ అమ్ముతారు. నేను చీరకట్టు మీద అవి వేసుకుంటే మా మరదలు నవ్వింది. పాలక్కాడ్ స్టేషన్లో జలగ దొరికింది మాత్రం ఆవిడ మడమ మీదే, ద్రాక్షపండంత.

సైరంధ్రి అనే పేరు వినగానే మీకెవరు గుర్తొచ్చారు? విరాటరాజు కొలువులో మారుపేరుతో ఉన్న ద్రౌపది. పక్కన పారే నది కుంతిపుళ, అంటే కుంతి నది. పాండవులు ఇక్కడికొచ్చారని స్థానికంగా కథ చెప్పుకుంటారు. మా ఊళ్లో వానలు పడకపోతే రామాలయంలో విరాటపర్వం చదివించేవాళ్లు. సైరంధ్రి పేరున్న చోట ఇంత వాన పడటం చూసి మా నాయనమ్మ ఉంటే ఏమనేదో.

అక్కడ 30 మీటర్ల ఇనుప టవర్ ఉంటుంది, దాదాపు పది అంతస్తులు. నా మోకాళ్లు సగంలోనే ఆగిపోయాయి, మీరు పైదాకా ఎక్కండి. కింద చీకటిగా కనిపించిన అడవి పైనుంచి చూస్తే ఎన్ని పచ్చరంగులో. కొత్త చిగుళ్లు ఎర్రగా కూడా ఉంటాయి. కెబిఆర్ పార్కు లాంటివి యాభైకి పైగా పట్టేంత అడవి అది, సుమారు 90 చదరపు కిలోమీటర్లు.

దాన్ని చూస్తూ నిలబడ్డప్పుడు ఒకటి తలుచుకోండి. అది కరెంటు కోసం డ్యామ్ కట్టాలనుకున్న చోటు. 1928లోనే గుర్తించి పెట్టుకున్నారు, 1973లో ప్రణాళికా సంఘం ఒప్పుకుంది. కట్టాలన్నవాళ్లని దుర్మార్గుల్లా అనుకోకండి. మలబార్ పల్లెల్లో కరెంటు లేని రోజులవి. లాంతరు వెలుగులో చదువుకున్నదాన్ని నేను, ఆ ఆశ నాకు తెలుసు. మునిగేది 830 హెక్టార్లే కదా అన్నారు. కాదన్నవాళ్లలో బడిపంతుళ్లున్నారు, సుగతకుమారి లాంటి కవులున్నారు, పక్షుల శాస్త్రవేత్త సలీం అలీ ఉన్నారు. వాళ్ల జవాబుకి ముఖం ఆ కోతి. నది ఒడ్డు మునిగితే అడవి రెండు ముక్కలవుతుంది, నేలకి అరుదుగా దిగే కోతికి పందిరి తెగినచోటే ప్రపంచం ఆగిపోతుంది, వెడిప్లావు అవతల ఉంటే ఉన్నా లేనట్టే. పదేళ్ల వాదన తర్వాత 1983లో ప్రాజెక్టు మానుకున్నారు. 1984 నవంబర్‌లో జాతీయ పార్కు చేశారు. ఇప్పుడు మీరు జీపులో వెళ్తున్నారు.

టవర్ దగ్గర్నుంచి నది దాకా కిలోమీటరున్నర దిగుడు. రాళ్ల మధ్య నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున గులకరాళ్లు లెక్కపెట్టొచ్చు. మూసీ కూడా వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టినప్పుడు మంచిదేరా అన్నాడు మా తమ్ముడు, గైడుకి తమిళంలో. ఆ అబ్బాయికి మూసీ ఎవరో తెలియదు, తలూపాడు.

తీసుకెళ్లాల్సినవి: ముదురు రంగు బట్టలు, రైన్‌కోటు, గుర్తింపు కార్డు, ఇంట్లో ఉంటే బైనాక్యులర్. సెంటు పూసుకోవద్దు. చిప్స్ ప్యాకెట్లు వద్దు. ప్లాస్టిక్ కవర్లు లోపలికి రానివ్వరు, నా పులిహోర డబ్బాకి చుట్టిన కవరు కూడా విప్పించి ముక్కాలిలోనే పెట్టించారు. ఈసారి మీకు పులిహోర అరిటాకుల్లో కట్టిస్తాను, రైల్లో రాత్రికీ సరిపోయేలా. ఎంతమంది వెళ్తున్నారో శుక్రవారంలోగా చెప్పండి, చింతపండు నానబెట్టాలి. చిన్నాడికి మిరపకాయలు ఏరేసి విడిగా కడతాను.

మీ మూడో అంతస్తు అమ్మమ్మ