పొట్టి ఆటగాడు కప్పు గెలిపించగలడా? బాస్కెట్‌బాల్‌లో ఎత్తు గురించి అపోహలు - వాస్తవాలు

బాస్కెట్‌బాల్ కోచ్ కనిపిస్తే చాలు, తల్లిదండ్రులు ముందుగా అడిగేది ఎత్తు గురించే. "మా వాడు పొట్టిగా ఉన్నాడు, పనికొస్తాడా?" అని. రింగ్ 10 అడుగుల ఎత్తులో ఉండే ఆటలో ఆ బెంగ సహజమే. జట్టులో చోటు దక్కడం ఒక ఎత్తు, ఆ జట్టును ముందుండి నడిపించి టైటిల్ తేవడం ఇంకో ఎత్తు. నేను రాస్తున్నది ఈ రెండో దాని గురించి. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో సగటు ఎత్తు 6 అడుగుల 6 అంగుళాల దగ్గర ఉంటుంది. కాబట్టి అక్కడ 6 అడుగుల 3 అంగుళాలు, అంతకు తక్కువ ఉన్నవాళ్లను పొట్టివాళ్లుగానే చూస్తారు.

అపోహ: పొట్టివాళ్లు పాస్‌లు ఇవ్వడానికే, టైటిల్ గెలిపించేది పొడగరులే.

వాస్తవం: ఐజయా థామస్ ఎత్తు 6 అడుగుల 1 అంగుళం. డెట్రాయిట్ పిస్టన్స్‌ను 1989, 1990లో వరసగా చాంపియన్‌గా నిలబెట్టాడు, 1990 ఫైనల్స్‌లో ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) కూడా అతనే. అదే జట్టుకు 2004లో 6 అడుగుల 3 అంగుళాల చాన్సీ బిలప్స్ ఆ పని చేశాడు. 2007లో శాన్ ఆంటోనియో స్పర్స్ తరఫున 6 అడుగుల 2 అంగుళాల టోనీ పార్కర్ ఫైనల్స్ ఎంవీపీ అయ్యాడు.

ఇక గోల్డెన్ స్టేట్ జట్టు ఆటగాడు స్టెఫెన్ కర్రీ. ఫైనల్స్‌లో ముందుగా నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాళ్లదే టైటిల్. 2022లో మూడు మ్యాచ్‌లయ్యేసరికి బోస్టన్ 2-1 ఆధిక్యంలో ఉంది. నాలుగో మ్యాచ్ కూడా బోస్టన్ గడ్డ మీదే. అది పోతే సిరీస్ దాదాపు చేజారినట్టే. ఆ రాత్రి కర్రీ 43 పాయింట్లు కొట్టాడు, 10 రీబౌండ్లు (గురి తప్పి రింగ్ నుంచి తిరిగొచ్చిన బంతులు) పట్టాడు. పాయింట్ల గురించి అందరూ మాట్లాడతారు. నా దగ్గర ఆట నేర్చుకునే పిల్లలకు నేను చూపించేది ఆ రీబౌండ్లు. ఎగరకముందే ప్రత్యర్థి తొడలకు తన నడుము ఆనించి, కిందికి కూర్చుని చోటు ఆక్రమించుకుంటే ఎత్తులో తేడా చాలావరకు పూడుతుంది. ఆ సిరీస్‌ను గోల్డెన్ స్టేట్ 4-2తో గెలిచింది, ఎంవీపీ కర్రీయే.

అయితే ఈ జాబితా పొడవైనదేమీ కాదు. ఫైనల్స్ ఎంవీపీల్లో అత్యధికులు పొడగరులే. పొట్టివాడు గెలిపించగలడు, కానీ అందుకు జట్టు కూర్పు కుదరాలి. మిగతా అపోహలన్నీ ఈ కూర్పును మర్చిపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: పొట్టివాడి ఆయుధం వేగం.

వాస్తవం: వేగం ఉండాలి, కానీ అసలు విద్య ఆగడంలో ఉంది. స్క్రీన్ (డిఫెండర్‌కు అడ్డంగా నిలబడే సహచరుడు) దాటగానే నేరుగా రింగ్ వైపు పరుగెత్తే పిల్లవాడికి ఎదురుగా, రింగ్ దగ్గర కాపు కాసే పొడుగాటి సెంటర్ నిలబడి ఉంటాడు, బ్లాక్ తప్పదు. తెలిసినవాడు స్క్రీన్ దాటాక ఒక్క అడుగు నెమ్మదిస్తాడు. వెనక నుంచి వస్తున్న డిఫెండర్‌ను తన వీపు మీదే ఉంచుకుంటాడు. ఇప్పుడు సెంటర్ ఒక్కడే ఇద్దరిని కాయాలి. ముందుకొస్తే బంతి రింగ్ దగ్గరున్న సహచరుడికి వెళ్తుంది. వెనక్కి తగ్గితే రెండు అడుగుల ముందే, సెంటర్ ఇంకా చేతులెత్తకుండానే, బంతి పైకి లేస్తుంది. ఫ్లోటర్ అంటే ఇదే. పార్కర్ కెరీర్‌లో సగం బలం ఈ షాట్‌దే.

అపోహ: డిఫెన్స్‌లో పొట్టివాడు దండగ.

వాస్తవం: నష్టం ఉన్నది నిజంగా ఇక్కడే, దాన్ని దాచి లాభం లేదు. 2016 ఫైనల్స్ ఏడో మ్యాచ్ గుర్తు చేసుకోండి. స్కోరు 89-89, ఆట ముగియడానికి నిమిషం కూడా లేదు. గోల్డెన్ స్టేట్‌తో ఆడుతున్న క్లీవ్‌లాండ్ ఒక స్క్రీన్ పెట్టించి, తన ఆటగాడు కైరీ ఇర్వింగ్‌ను కాస్తున్న క్లే థాంప్సన్ స్థానంలోకి కర్రీని లాగింది. ఇర్వింగ్ కర్రీ మీదుగా త్రీ పాయింటర్ వేశాడు. టైటిల్ క్లీవ్‌లాండ్‌కు వెళ్లింది. ఆ షాట్ వేసిన ఇర్వింగ్ కూడా 6 అడుగుల 2 అంగుళాలవాడే! పొట్టివాడు జట్టుకు ఏమిస్తాడో, జట్టు అతని వల్ల ఏం భరించాలో రెండూ ఆ ఒక్క షాట్‌లో ఉన్నాయి.

ప్రత్యర్థి వెతికి వెతికి దాడి చేసేది జట్టులో ఎత్తు తక్కువవాడి మీదే. అందుకే చుట్టూ ఉన్న నలుగురు ఎవరిని కావాలంటే వాళ్లను కాయగలిగేవాళ్లు కావాలి. కర్రీకి డ్రేమండ్ గ్రీన్, ఆండ్రే ఇగుడాలా అలా దొరికారు. థామస్ వెనక జో డ్యూమార్స్, డెనిస్ రాడ్‌మన్ ఉన్నారు. అలాగని పొట్టివాడు చేతులు కట్టుకుని నిలబడడు. 2019 ఫైనల్స్‌లో టొరంటో తరఫున కర్రీ వెంట నీడలా తిరిగింది 6 అడుగుల ఫ్రెడ్ వాన్‌వ్లీట్. కప్పు గెలిచిన ఆరో మ్యాచ్ చివరి క్వార్టర్‌లో అతను 12 పాయింట్లు కూడా సాధించాడు.

అపోహ: పొట్టివాడు గట్టివాడు, పట్టుదల ఉంటే చాలు.

వాస్తవం: ఈ మాట పిల్లలకు ఎక్కువ చేటు చేస్తుందని నా అభిప్రాయం. ఆలెన్ ఐవర్సన్‌ను మించిన పట్టుదల ఎవరికుంది? 6 అడుగుల ఎత్తుతో, ఫిలడెల్ఫియాకు ఆడుతూ 2001లో లీగ్ ఎంవీపీ అయ్యాడు. ఫైనల్స్ తొలి మ్యాచ్‌లో లేకర్స్ మీద 48 పాయింట్లు చేసి గెలిపించాడు. ఆ ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ దశ) మొత్తంలో లేకర్స్ ఓడిన మ్యాచ్ అదొక్కటే. తర్వాత నాలుగూ ఫిలడెల్ఫియా ఓడింది. ఐవర్సన్‌ను కట్టడి చేస్తే ఆ బరువు మోసే రెండో స్కోరర్ ఆ జట్టులో లేడు.

2017లో బోస్టన్‌కు ఆడిన 5 అడుగుల 9 అంగుళాల ఇంకో ఐజయా థామస్ మ్యాచ్‌కు సగటున 28.9 పాయింట్లు చేశాడు. తూర్పు విభాగం ఫైనల్లో తుంటి గాయం అతన్ని కూర్చోబెట్టింది. తనకంటే పాతిక, ముప్పై కిలోలు ఎక్కువున్నవాళ్ల మీదికి రోజూ దూసుకెళ్లే శరీరం అరుగుతుంది. పట్టుదల ఎంత ముఖ్యమో విశ్రాంతి అంత ముఖ్యం. బంతిని ఇంకొకరి చేతికిచ్చి కాసేపు పక్కన నిలబడటం కూడా నాయకత్వమే.

అపోహ: జాబితాలో రాసిన ఎత్తే అసలు ఎత్తు.

వాస్తవం: ఎన్‌బీఏ 2019-20 సీజన్ నుంచి బూట్లు లేకుండా కొలిచిన ఎత్తునే నమోదు చేయమంది. దాంతో చాలామంది ఎత్తు కాస్త తగ్గింది, ఆట మాత్రం ఏమీ మారలేదు. డొనొవన్ మిచెల్ 6 అడుగుల 2 అంగుళాలకు కాస్త అటూఇటూ ఉంటాడు. చేతులు చాపితే 6 అడుగుల 10 అంగుళాలు! పిల్లల్ని కొలిచేటప్పుడు నేను చేతుల పొడవు కూడా రాసుకుంటాను.

అపోహ: చిన్నప్పటి ఎత్తును బట్టి పొజిషన్ ఖాయం చేయాలి.

వాస్తవం: ఎన్‌బీఏ ఆటగాడు ఆంథొనీ డేవిస్ హైస్కూల్లో గార్డ్‌గా (బంతిని నడిపించే ఆటగాడిగా) ఆడుతుండగానే ఒక్కసారిగా పెరిగి 6 అడుగుల 10 అంగుళాలకు చేరాడు. గార్డ్‌గా నేర్చుకున్న బంతి పని తర్వాత అక్కరకొచ్చింది. పదమూడేళ్లలోపు పిల్లలందరికీ డ్రిబుల్, పాస్, షాట్ సమానంగా నేర్పండి. పొట్టివాళ్లను మాత్రం వారానికి ఒకసారైనా తమకంటే పొడగరుల మీద వన్-ఆన్-వన్ ఆడించండి. బ్లాక్ అయిన ప్రతిసారీ షాట్ వద్దనకండి, ఒక అడుగు ముందే వేయమనండి.