కోడి రూపం మారిందా? మందుకు ముందు గుంపును చూడండి

అమలాపురం చుట్టుపక్కల పశువైద్యం చేస్తున్నాను. "డాక్టరుగారూ, పుంజు తురాయి వాడిపోయింది, బలానికి ఇంజెక్షన్ వేయండి" అని వచ్చినవారిని ముందు అడిగేది ఒకటే: మీ ఇంట్లో ఇంకెన్ని పుంజులున్నాయి?

అపోహ: తురాయి సైజు జాతి లక్షణం. చిన్నబోయిందంటే జబ్బే.

వాస్తవం: జాతి కొంతవరకే. 1849లో జర్మనీలోని గొట్టింగెన్‌లో బెర్తోల్డ్ అనే శాస్త్రవేత్త పుంజుపిల్లల వృషణాలు తీసేస్తే తురాయి ఎదగలేదు. వాటిని తిరిగి కడుపులో అమర్చినవాటికి మామూలుగానే పెరిగింది. తురాయిని నిలబెట్టేది పురుష హార్మోనే. రోజూ దెబ్బలు తిని మూల నక్కే పుంజులో ఆ హార్మోన్ తగ్గి తురాయి కుంచించుకుపోవచ్చు. నులిపురుగులు, పేలు ఉన్నా తురాయి పాలిపోతుంది కాబట్టి అవీ చూస్తాను. కానీ పెద్ద పుంజు పక్కనే ఉండగా టానిక్కులు పోస్తే ఏం లాభం?

అపోహ: ఈకలు ఊడితే కాల్షియం తక్కువైనట్టే.

వాస్తవం: ఎక్కడ ఊడాయో చూడండి, సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది. పెట్ట వీపు మీద ఈకలు విరిగి ఉంటే పుంజు పదేపదే ఎక్కుతోందని. ఒక పుంజుకు 8-10 పెట్టలుండాలి, మూడే ఉంటే వాటి వీపులు బోడవుతాయి. తోక మొదట్లో, మలద్వారం దగ్గర ఊడితే తోటి పెట్టలు పీకుతున్నాయని. ఇరుకు, ఎక్కువ వెలుతురు, చాలని దాణా తొట్లు దీన్ని పెంచుతాయి. మెడ దగ్గర మొదలై, లోపల కొత్త ఈకల మొనలు కనిపిస్తుంటే అది మామూలుగా ఈక రాల్చడమే, కంగారు వద్దు.

పంజరంలో ఒంటరిగా ఉన్న లవ్‌బర్డ్ రొమ్ము బోడై, తల మాత్రం నిండుగా ఉంటే తన ఈకలు తనే పీక్కుంటోంది. తలకు దాని ముక్కు అందదు కదా! చర్మవ్యాధి లేదని తేలాక నేను చెప్పేది తోడు గురించే. (రామచిలుకను పెంచడం మాత్రం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. దయచేసి కొనకండి.)

అపోహ: కొత్త పెట్టను రాత్రి గూట్లో వదిలితే తెల్లారేసరికి కలిసిపోతుంది.

వాస్తవం: తెల్లారగానే పొడుచుకోవడం మొదలవుతుంది. కోళ్లలో ఎవరు ఎవరిని పొడవాలో ఒక వరస ఉంటుందని నార్వే శాస్త్రవేత్త షెల్డెరుప్-ఎబ్బె 1920ల్లోనే రాశారు. కొత్తది రాగానే ఆ వరస మళ్లీ తేలాలి. గోదావరి వరదలప్పుడు లంకల్లో నాలుగిళ్ల కోళ్లను ఏటిగట్టు మీద ఒకే గంప కిందకి తోస్తే జరిగేదీ ఇదే. వీలైతే ఏ ఇంటివి ఆ ఇంటికి వేరుగా కమ్మండి. ఇంట్లో అయితే వారం పాటు మధ్యలో వల కట్టి ఒకదానికొకటి కనబడనివ్వండి. తర్వాత ఒక్కదాన్ని కాకుండా రెండు మూడింటిని కలిపి వదలండి, దాణా రెండు చోట్ల పెట్టండి. రక్తం కనిపించిన కోడిని వెంటనే విడిగా ఉంచండి, మిగతావి ఆ ఎరుపునే పొడుస్తాయి.