మలేరియా చావుల లెక్క ఎందుకు తేలదు?

2023లో మలేరియాతో దేశం మొత్తం మీద 83 మంది చనిపోయారని ప్రభుత్వ లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా మాత్రం సుమారు 3,500. ఈ పేచీ పాతదే.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఏటా 7.5 కోట్ల మందికి మలేరియా వస్తుందని, 8 లక్షల మంది పోతారని అంచనా. 1953లో నియంత్రణ కార్యక్రమం పెట్టి ఊరూరా డీడీటీ కొట్టారు. 1965కల్లా కేసులు లక్షకు దిగాయి, చావులు లేనే లేవన్నారు. 1976లో కేసులు మళ్లీ 64 లక్షలు!

ఏ ఏడాది ప్రభుత్వ లెక్కకైనా మూలం పరీక్షకు తీసిన రక్తపు చుక్కే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో బ్రిటిష్ డాక్టర్ రోనాల్డ్ రాస్ దోమ కడుపులో కనిపెట్టిన మలేరియా క్రిమి రోగి రక్తంలోనూ ఉన్నట్టు తేలాలి, అప్పుడే కేసు రాస్తారు. మరి ఏజెన్సీ గూడెంలో చలిజ్వరంతో వణికి వణికి ఇంట్లోనే పోయినవాడి రక్తం ఎవరు తీశారు?

ఈ ప్రశ్నకు జవాబు వెతికినవాళ్లు పరీక్షల జోలికి పోకుండా చనిపోయినవాళ్ల ఇళ్లకే వెళ్లారు. 2001-03 మధ్య జరిగిన 1,22,000 మరణాల గురించి 6,671 చోట్ల సర్వేయర్లు కుటుంబాలను అడిగారు. చివరి రోజుల్లో ఏం జరిగిందో ఇంటివాళ్లు చెప్పినట్టే రాసుకున్నారు. ఆ కాగితాలను ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చదివి కారణం తేల్చారు. 2010లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఫలితం వచ్చింది: మలేరియాతో పోయేది 70 ఏళ్లలోపువాళ్లే ఏటా 2,05,000 మంది. అప్పటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది సుమారు 15,000, ప్రభుత్వం చెబుతున్నది వెయ్యి. మలేరియా అని తేల్చిన చావుల్లో 86 శాతం ఏ ఆసుపత్రిలోనూ జరగలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకోలేదు. జ్వరాలన్నీ ఇంటివాళ్ల మాటల్లో ఒకేలా వినిపిస్తాయి, టైఫాయిడ్ ఏదో మలేరియా ఏదో ఎలా తెలుస్తుందంది. తేలిగ్గా కొట్టిపారేసే అభ్యంతరం కాదిది. అధ్యయనం చేసినవాళ్లు కూడా 1,25,000 నుంచి 2,77,000 దాకా ఎంతైనా ఉండొచ్చనే అన్నారు. కానీ చావులు ఎక్కువ తేలింది ఒడిశా లాంటి మలేరియా ముదిరిన ప్రాంతాల్లోనే. రెండు లక్షలు ఎక్కువే కావచ్చు, వెయ్యి అన్నది మాత్రం నమ్మే అంకె కాదు.

తర్వాత జబ్బు నిజంగానే తగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాల్లోనే 2017లో 64 లక్షలున్న కేసులు 2023కి 20 లక్షలయ్యాయి. 2030కల్లా నిర్మూలన అంటోంది కేంద్రం. మలేరియా లేని దేశమన్న గుర్తింపు రావాలంటే వరుసగా మూడేళ్లు స్థానికంగా ఒక్క కేసూ పుట్టలేదని రుజువు చూపాలి. అంటే ఆసుపత్రి గడప తొక్కని జ్వరాన్ని కూడా వెతికి పట్టుకుని పరీక్ష చేయాల్సిందే.