హ్యాకథాన్‌కు వెబ్ ప్రాజెక్టు ఎంచుకోవడం: అపోహలు, వాస్తవాలు

నేను అనంతపురంలో ఉంటూ పదకొండేళ్ళుగా వెబ్‌సైట్లు తయారు చేసే వృత్తిలో ఉన్నాను. ఈ చుట్టుపక్కల విశ్వవిద్యాలయాల్లోను, ఇంజనీరింగ్ కళాశాలల్లోను విద్యార్థులే పూనుకొని నడిపే హ్యాకథాన్లకు (జట్లుగా కూర్చొని, గడువులోపు ఒక ప్రాజెక్టు తయారు చేసి చూపించే పోటీలకు) మెంటర్‌గానో న్యాయనిర్ణేతగానో ఏటా రెండు మూడు సార్లు వెళ్తుంటాను. అక్కడ వెనకబడిపోయే జట్లలో చాలావాటికి కోడ్ రాయడం బాగానే వచ్చు. మొదటి రెండు గంటల్లో ఎంచుకున్న ప్రాజెక్టే వారిని దెబ్బతీస్తుంది. ఆ ఎంపిక వెనుక ఏటేటా అవే నమ్మకాలు కనిపిస్తున్నందువల్ల, వాటిలో ముఖ్యమైనవాటి గురించి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఇంతవరకు ఎవరూ చేయని ఆలోచన అయితేనే ప్రాజెక్టుగా పనికివస్తుంది.

వాస్తవం: హ్యాకథాన్ అన్న మాటే పాత పనిని మెరుగుపరచడానికి కూడినవారి నుంచి వచ్చింది. 1999 జూన్‌లో కెనడాలోని కాల్గరీలో ఓపెన్‌బీఎస్‌డీ డెవలపర్లు కొందరు ఒకచోట కూర్చొని, అప్పటికే నడుస్తున్న తమ ఆపరేటింగ్ సిస్టమ్‌లో క్రిప్టోగ్రఫీకి (సమాచారాన్ని ఇతరులు చదవలేకుండా దాచే విద్యకు) సంబంధించిన భాగాలను అభివృద్ధి చేశారు. ఆ సమావేశాన్ని వారు హ్యాకథాన్ అన్నారు. మన విద్యార్థులు మాత్రం "అన్నా, ఇది ఆల్రెడీ ఉంది కదా" అని జట్టులో ఒకరు అనగానే మంచి ఆలోచనను పక్కన పెట్టేస్తారు.

మార్కెట్ ధరల సైటునే తీసుకోండి. కేంద్ర ప్రభుత్వం నడిపే అగ్‌మార్క్‌నెట్‌లో దేశంలోని మార్కెట్ యార్డుల ధరలు దొరుకుతాయి కాబట్టి ఇక చేయడానికి ఏమీ లేదని అనిపిస్తుంది. రెండేళ్ళ క్రితం ఒక జట్టు ఆ ధరలనే క్వింటాళ్ళలో చక్కని పట్టికగా చూపించే పేజీ తయారు చేసుకొని, నా మాట మీద మధ్యాహ్నం కక్కలపల్లి టమోటా మార్కెట్‌కు వెళ్ళింది. అక్కడ ఒక పెద్దాయన ఫోను చేతిలోకి తీసుకొని చూసి, "బాక్సు ఎంత పలికిందో అది చెప్పు నాయనా, క్వింటాలు లెక్క మాకేం పని?" అన్నాడు. టమోటా అక్కడ పదిహేను కిలోల బాక్సు లెక్కన పలుకుతుంది. అదే జిల్లాలో చీనీకాయలను టన్ను లెక్కన మాట్లాడుకుంటారు. కర్నూలు యార్డులో ఉల్లిగడ్డలు క్వింటా లెక్కన పోతాయి. జట్టు తిరిగి వచ్చి పట్టిక మొత్తం తీసేసి, ఎన్ని బాక్సులు, బండి బాడుగ ఎంత, హమాలీ ఎంత, కమీషన్ ఎంత అని నాలుగు గడులు పెట్టి, అన్నీ పోగా రైతు చేతికి వచ్చే మొత్తాన్ని కింద పెద్ద అంకెల్లో చూపించింది. సమాచారం పాతదే అయినా ఆ ఒక్క పేజీ అంతకుముందు లేదు, ఆ పెద్దాయనకు కావలసింది సరిగ్గా అదే.

రక్తదాతల సైటు కూడా ఇలాంటిదే. ప్రతి హ్యాకథాన్‌లో ఒకటి వస్తుంది, న్యాయనిర్ణేతలు విసుగుపడతారు. కాని వచ్చినవన్నీ పేర్లూ ఫోను నంబర్లూ పరిచిన పట్టికలే. పురుషులు ఒకసారి రక్తం ఇచ్చాక మూడు నెలలు, స్త్రీలు నాలుగు నెలలు ఆగాలన్న నియమం మన దేశంలో ఉంది. ఆ గడువు పూర్తయ్యేదాకా దాత పేరు జాబితాలో కనిపించకుండా చేసి, నంబరును బయటపెట్టకుండా "అడిగి చూడండి" అన్న బటన్ ద్వారా దాతకే సందేశం వెళ్ళేలా చేసిన జట్టును నేను ఇంతవరకు ఒక్కదాన్నే చూశాను. వారికి నేను ఎక్కువ మార్కులు వేశాను.

అపోహ: క్యాంపస్ సమస్యలు చిన్నవి, బహుమతి రావాలంటే సమాజాన్ని మార్చే ప్రాజెక్టు చేయాలి.

వాస్తవం: ఇరవై నాలుగు గంటల పోటీలో భోజనాలు, కాస్త కునుకు, మెంటర్ల రాకపోకలు, చివరి ప్రదర్శనకు సిద్ధపడడం పోగా ఒక్కొక్కరికి మిగిలేది పది పన్నెండు గంటలు. ఆ సమయంలో ఒక మనిషికి ఒక పని పూర్తిగా జరిగేలా చేయవచ్చు గాని, జిల్లా మొత్తానికి నీటి నిర్వహణ వ్యవస్థను కట్టలేము. సమస్య ఉన్న మనిషి దగ్గరకు నడిచి వెళ్ళి అడిగి రాగలిగినంత దూరంలో ఉంటే ప్రాజెక్టు సగం నిలబడినట్టే అని నా అనుభవం.

జేఎన్‌టీయూఏ (అనంతపురంలోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం) విద్యార్థులకు పాత ప్రశ్నపత్రాల వెతుకులాట ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. ఆర్19, ఆర్20, ఆర్23 అని రెగ్యులేషన్లు (కోర్సు నియమాలు, సిలబస్) మారినప్పుడు కొన్ని సబ్జెక్టుల పేర్లు, యూనిట్లు మారుతాయి. పాత రెగ్యులేషన్‌లో సబ్జెక్టు మిగిలిపోయి సప్లీ రాయవలసిన విద్యార్థికి ఏ పత్రం తనకు వర్తిస్తుందో తెలియదు. రెగ్యులేషన్, బ్రాంచి, సబ్జెక్టు అని మూడు ఎంపికలు చేస్తే సరైన పత్రాలు చూపించే సైటుకు సర్వర్ కూడా అవసరం లేదు. సమాచారాన్ని పట్టికలా రాసిపెట్టే ఒక జేసన్ ఫైలు, ఒక పేజీ చాలు. అందులో శ్రమంతా ఏ సబ్జెక్టు దేనికి సమానమో సీనియర్లను అడిగి పట్టిక కట్టడంలోనే ఉంటుంది.

హాస్టల్ మెస్ సంగతి ఇంకా నచ్చుతుంది నాకు. రాత్రి ఎంతమంది తింటారో తెలియక వంట మాస్టర్ అంచనాగా బియ్యం పోస్తాడు. శనివారం సగంమంది ఊళ్ళకు వెళ్ళిపోతే అన్నం మిగిలిపోతుంది. "ఈ రాత్రి తింటారా?" అన్న ఒక్క ప్రశ్న, రెండు బటన్లు, వంటగదిలో ఒక పెద్ద అంకె: ఇదే ప్రాజెక్టు. దీన్ని ఎంచుకున్న జట్టు మొదటి ఆరు గంటలు లాగిన్ పేజీకి, పాస్‌వర్డ్ మరచిపోతే పంపే మెయిలుకు ఖర్చు పెట్టింది. గది నంబరు, నాలుగంకెల పిన్ చాలని చెప్పి ఆ పని ఆపించాను. వారు నిజంగా తేల్చుకోవలసిన విషయాలు వేరే ఉన్నాయి: జవాబు చెప్పడానికి గడువు ఎన్ని గంటలకు ముగియాలి, జవాబివ్వని విద్యార్థిని తినేవాడిగా లెక్కించాలా వద్దా, గడువు దాటాక మనసు మార్చుకుంటే ఏం చేయాలి. సాయంత్రం నాలుగు గంటలకు లెక్క ఆగిపోవాలని, జవాబు రాకపోతే తింటారనే అనుకోవాలని వారు నిర్ణయించారు. ఎవరూ పస్తుండకూడదు కాబట్టి రెండో నియమం సరైనదని నేనూ అనుకుంటున్నాను.

అపోహ: ముందు ఇంగ్లిష్‌లో చేసేసి, చివర్లో తెలుగు బటన్ పెడితే సరిపోతుంది.

వాస్తవం: తెలుగును చివరికి వదిలేస్తే డేటాబేస్ దగ్గర నుంచి బొత్తాముల ఎత్తు వరకు అన్నీ మళ్ళీ ముట్టుకోవలసి వస్తుంది. "వెంకటలక్ష్మమ్మ" అన్న పేరును చూడండి. మనం చదివితే అందులో ఆరు అక్షరాలు. వెబ్ పేజీలను నడిపే జావాస్క్రిప్ట్ భాషను అడిగితే పద్నాలుగు అంటుంది, ఎందుకంటే కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూనికోడ్‌లో గుణింతపు గుర్తు, సున్న, వత్తును కలిపే పొల్లు అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. పేరు కార్డులో పట్టడం లేదని ఒక జట్టు పది దగ్గర కత్తిరించింది. తెర మీద "వెంకటలక్ష్" అని మిగిలింది. ఒక మనిషి పేరును అలా చూపించడం నాకు బాధ కలిగించింది. జావాస్క్రిప్ట్‌తో కత్తిరించకుండా పేరును రెండో వరుసలోకి పోనివ్వండి, లేదా పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్‌తో పొడవును అదుపు చేయండి. వత్తులు కింది వరుసను తాకకుండా వరుసల మధ్య ఎడం కూడా ఇంగ్లిష్‌కు పెట్టినదానికన్నా పెంచాలి. ఎస్ఎంఎస్ పంపే ప్రాజెక్టు అయితే మరో లెక్క ఉంది: ఇంగ్లిష్‌లో ఒక సందేశానికి 160 అక్షరాలు పడితే, తెలుగులో యూనికోడ్ లెక్కన 70 మాత్రమే పడతాయి, అందులో పద్నాలుగు ఈ ఒక్క పేరుకే పోతాయి.

వెతుకులాట దీనికన్నా లోతైన విషయం. కోస్తాలో బత్తాయి అన్నదాన్ని మనం చీనీకాయ అంటాం. పుస్తకాల్లో వేరుశనగ అని రాసేదాన్ని మన పల్లెల్లో చెనక్కాయలు అంటారు. టమాటా, టమోటా రెండూ రాస్తారు. చాలామంది ఇంగ్లిష్ అక్షరాలతోనే తెలుగు టైపు చేస్తారు. ప్రతి వస్తువుకూ ఉన్న పేర్లన్నీ ఒక చిన్న పట్టికలో పెట్టి వాటన్నిటిలోను వెతికితే, ఏ యంత్రానువాదమూ ఇవ్వలేని ఫలితం వస్తుంది. ఈ పట్టిక తయారు చేయడానికి కోడింగ్ రాని స్నేహితుడు ఒకరు జట్టులో ఉండడం మంచిది, ఇంటికి ఫోన్ చేసి అమ్మనో నాన్ననో అడిగితే గంటలో పూర్తవుతుంది.

జిల్లాల పేర్లను కోడ్‌లోనే రాసేయడం ఇంకో పొరపాటు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి; ధర్మవరం, హిందూపురం శ్రీసత్యసాయి జిల్లాలోకి, నంద్యాల సొంత జిల్లాలోకి వెళ్ళాయి. ఇంటర్నెట్‌లో దొరికిన పాత జాబితాను అతికిస్తే ధర్మవరం చేనేత కార్మికుడికి తన జిల్లాయే కనిపించదు. జాబితాను మార్చుకోదగిన పట్టికగా ఉంచండి.

అపోహ: కృత్రిమ మేధ లేని ప్రాజెక్టును ఇప్పుడెవరూ చూడరు.

వాస్తవం: అవసరమున్నచోట వాడితే చూస్తారు, లేనిచోట అతికిస్తే రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది. ఆకు ఫోటో తీస్తే తెగులు చెప్పే సైటు మన జిల్లాలో ఎక్కువగా వచ్చే ఆలోచన. విద్యార్థులు దాదాపు ఎప్పుడూ ప్లాంట్‌విలేజ్ అనే ఫోటోల సేకరణను వాడతారు. అందులో 54 వేలకు పైగా ఫోటోలు ఉన్నా, పంటలు పద్నాలుగే. టమోటా ఉంది, వేరుశనగ లేదు. పైగా కోసిన ఆకును సాదా నేపథ్యం మీద పెట్టి తీసిన ఫోటోలవి. మట్టి, నీడ, పక్క ఆకులు కలగలిసిన చేలో ఫోటోను చూస్తే, వాటితో నేర్చుకున్న ప్రోగ్రాం తడబడుతుంది. వేరుశనగకు వచ్చే టిక్కా ఆకుమచ్చ తెగులును గుర్తుపడతామని చెప్పి టమోటా ఆకులతో ప్రదర్శన ఇచ్చిన జట్టు, న్యాయనిర్ణేతల్లో ఉన్న వ్యవసాయ అధ్యాపకురాలి ముందు మాట్లాడలేకపోయింది. దానికి బదులు లక్షణాలను తెలుగులో ఒక్కొక్కటిగా అడిగి, చివరికి ఎవరిని కలవాలో చెప్పే ప్రశ్నల వరుస ఒక రాత్రిలో పూర్తవుతుంది, తప్పు మందు కొట్టించే ప్రమాదమూ తక్కువ.

అపోహ: నా ల్యాప్‌టాప్‌లో నడుస్తోంది, కాబట్టి పని అయిపోయింది.

వాస్తవం: లొకేషన్ తెలుసుకోవడం, ఇంటర్నెట్ లేకున్నా పేజీని తెరిచే సర్వీస్ వర్కర్ వంటివి సురక్షితమైన హెచ్‌టీటీపీఎస్ చిరునామాలోనే పనిచేస్తాయి. డెవలపర్ల సౌకర్యం కోసం బ్రౌజర్లు లోకల్‌హోస్ట్‌కు (సైటు తయారవుతున్న అదే కంప్యూటర్‌లో తెరిచే చిరునామాకు) మాత్రం మినహాయింపు ఇస్తాయి. అందువల్ల ల్యాప్‌టాప్‌లో అంతా సవ్యంగా ఉంటుంది. ఫోనులో ల్యాప్‌టాప్ ఐపీ చిరునామా కొట్టి తెరిస్తే అది మామూలు హెచ్‌టీటీపీ కాబట్టి లొకేషన్ రాదు, ఆఫ్‌లైన్ పనిచేయదు. "పల్లెవెలుగు బస్సు ఎక్కడిదాకా వచ్చింది" అన్న ప్రాజెక్టును ఫోనులో చూపించబోయి ఒక జట్టు వేదిక మీద ఈ కారణంగానే ఆగిపోయింది. కోడ్‌లో తప్పేమీ లేదు. మొదటి గంటలోనే ఖాళీ పేజీని గిట్‌హబ్ పేజెస్ వంటి ఉచిత సేవలో పెట్టేస్తే హెచ్‌టీటీపీఎస్ దానంతటదే వస్తుంది. ఆ తర్వాత ప్రతి మార్పునూ ఫోనులోనే చూసుకోండి. రెండు వందల ల్యాప్‌టాప్‌లు ఒకే వైఫై మీద పడినప్పుడు ప్రాజెక్టుకు కావలసిన రెడీమేడ్ కోడ్ ప్యాకేజీలు డౌన్‌లోడ్ కావు కాబట్టి కావలసినవి ముందురోజే దించుకోండి.

అపోహ: ఇది విద్యార్థుల పోటీయే, డేటా విషయంలో అంత పట్టింపు అక్కరలేదు.

వాస్తవం: డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, చట్టం మాట అలా ఉంచినా, తోటి విద్యార్థుల ఆధార్ నంబర్లు అడిగే హక్కు మనకు లేదు. కల్పిత పేర్లతో నమూనా డేటా వాడండి. ఏపీఐ తాళాన్ని (బయటి సేవను వాడుకోవడానికి ఇచ్చే రహస్య సంకేతాన్ని) పొరపాటున గిట్‌హబ్‌లో పెట్టి, తర్వాతి కమిట్‌లో (భద్రపరచిన మార్పులో) తీసేసినా అది చరిత్రలో ఉండిపోతుంది; ఆ తాళాన్ని రద్దు చేసి కొత్తది తీసుకోవడమే మార్గం.

అపోహ: నిర్వాహకుల పని హాలు, భోజనం, బహుమతులు చూడడం, ఆలోచనలు జట్ల సొంత వ్యవహారం.

వాస్తవం: మూడు నాలుగు వారాల ముందే నిర్వాహక విద్యార్థులు ఊళ్ళో తిరిగి మార్కెట్ యార్డు గుమాస్తాను, గ్రంథాలయ సిబ్బందిని, నీళ్ళ ట్యాంకర్ నడిపేవారిని, హాస్టల్ వంటవారిని కలిసి, వారి ఇబ్బందులను వారి మాటల్లోనే రాసుకొని వస్తే జట్లకు అంతకుమించిన సహాయం లేదు. వీలైతే వారిలో ఒకరిద్దరిని చివరి రోజు పిలిపించి, ఏమీ వివరించకుండా ఫోను చేతికిచ్చి మూడు నిమిషాలు వాడమనాలి. మెస్ ప్రాజెక్టు చేసిన జట్టు అలాగే వంట మాస్టర్‌ను పిలిపించుకుంది. ఆయన తెర మీది పెద్ద అంకెను చూసి తల ఊపి, "నిన్నటిది యాడ చూడాల?" అని అడిగాడు. నిన్న ఎంత పోస్తే ఎంత మిగిలిందో దాన్నిబట్టే ఆయన ఈ రోజు బియ్యం కొలుస్తాడట. ఆ సంగతి జట్టులో ఎవరికీ, మెంటర్‌గా ఉన్న నాకూ తోచలేదు. ఫలితాలు ప్రకటించేలోపు వారు ఆ రెండో అంకెను కూడా పెట్టారు, మొదటిదాని పక్కనే, కాస్త చిన్నగా.